ఊరు పేరు మనది, పైసలు ఎవరివి?

పెండ్లిళ్ల సీజన్‌లో హైదరాబాద్‌లోని ఏ పెద్ద బట్టల దుకాణానికైనా పోయి 'పోచంపల్లి చూపించండి' అని అడగండి. అమ్మే పిలగాడు రెండు కట్టలు తెచ్చి ముందర పరుస్తాడు. ఒక కట్టలోని చీర వేలల్లో ఉంటుంది. రెండో కట్టలోది ఆరేడు వందలకే వస్తుంది. రెండింటి మీదా అవే గళ్లు, అవే చిలుకలు, అవే ఏనుగులు. ఇదేంది ఇంత తేడా అంటే, 'అది మగ్గం పోచంపల్లి అమ్మా, ఇది ప్రింట్ పోచంపల్లి' అని జవాబు. ఆ పిలగాడు అబద్ధం చెప్పాలనుకోలేదు. వాని మీద మాకు కోపం లేదు. కానీ ఆ రెండో చీర పోచంపల్లి పొలిమేర తొక్కలేదు. ఏ మగ్గమూ దాన్ని చూడలేదు. ఎక్కడో మిల్లులో గుడ్డ, ఇంకెక్కడో అచ్చు. అయినా దాని నొసట మన ఊరి పేరు ఉన్నది. ఆ పేరు లేకుంటే అది నూరు రూపాయలు తక్కువకు అమ్ముడు పోయేది. ఆ నూరు రూపాయలు ఎవరివి? మేం ఈ వారం అడిగే ప్రశ్న ఇంతే.

ఊరి పేరుకు ధర ఎట్లా వస్తుందో తెలియనివాళ్లు ఒక్కసారి చేనేత ఇంటికి పోయి చూడాలి. పట్టు నూలును ముందు ఆసు పోయాలి. అంటే మేకుల చుట్టూ పోగును తిప్పుతూ చెయ్యి ముందుకూ వెనక్కూ ఆడిస్తూనే ఉండాలి. ఒక్క చీరకు వేల సార్లు. ఈ పని ఎక్కువగా ఆడవాళ్లే చేస్తారు. భుజాలు పడిపోయేదాకా చేస్తారు. తన తల్లి పడ్డ ఆ గోస చూడలేకనే చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారు చేసి, ఆమె పేరే దానికి పెట్టుకున్నాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆసు అయినంక చిటికి కట్టాలి. రంగు ఎక్కకూడని చోట పోగులను గట్టిగా కట్టేసి అద్దకంలో ముంచాలి, విప్పాలి, మళ్లీ ఇంకో చోట కట్టాలి, మళ్లీ ఇంకో రంగులో ముంచాలి. బొమ్మ గుడ్డ మీద పుట్టదు, నూలు మీదనే పుడుతుంది. మగ్గం మీద పడుగూ పేకా కలిసేటప్పుడు ఆ రంగులు సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. ఎంత నేర్పరి నేసినా అంచుల్లో కొంచెం మసక ఉంటుంది. ఆ మసకే దాని అందం. అచ్చు కొట్టేవాళ్లు ఇప్పుడు ఆ మసకను కూడా అచ్చు కొడుతున్నారు!

(కొనేవాళ్లకు ఒక చిన్న మాట. చీరను తిరగేసి చూడండి. ఇక్కత్‌కు రెండు వైపులా ఒకటే రంగు ఉంటుంది. అచ్చు వేసినదానికి వెనుక వైపు వెలిసిపోయినట్టు ఉంటుంది. దీనికి ఏ చట్టమూ అక్కర లేదు.)

ఈ విద్య పోచంపల్లిలోనే పుట్టిందని మేం గొప్పలు పోము. తేలియా రుమాళ్లు నేసిన చీరాల వైపు నుంచి పోయిన శతాబ్దం మొదట్లో ఇది ఇటు వచ్చింది. చీరాల నేతగాళ్లకు మనం రుణపడి ఉన్నాం. చేతి విద్యకు పొలిమేరలు ఉండవు. ఎవరు నేర్చుకుంటే వాళ్లది. గుజరాత్‌లో నేస్తారు, ఒడిశాలో నేస్తారు, వాళ్ల పేర్లు వాళ్లకు ఉన్నాయి. మన పేరు మనకు రావడానికి మూడు నాలుగు తరాలు పట్టింది. పోచంపల్లి ఒక్క ఊరే కాదు, పుట్టపాక, కొయ్యలగూడెం లాంటి చుట్టుపక్కల ఊర్లలో నేసినదీ అంగట్లో 'పోచంపల్లి' అనే పేరు మీదనే పోయింది. 1951 ఏప్రిల్ 18న వెదిరె రామచంద్రారెడ్డి వినోబా భావే ముందు నిలబడి నూరెకరాలు ఇస్తానన్న రోజు ఆ ఊరి పేరు దేశానికి తెలిసింది. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ దాన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. ఈ రెండింటి నడుమ డెబ్బై ఏండ్లు ఆ పేరును మోసింది మగ్గాలే. ఏ కంపెనీ దీనికి ప్రచారం ఖర్చు పెట్టలేదు. ఏ సినిమా తార ఫొటో పెట్టలేదు. అందుకే ఆ పేరు ఏ ఒక్కరి సొత్తూ కాదు, ఊరి చెరువు లాంటిది.

చెరువు అన్నది మేం అలంకారానికి వాడిన మాట కాదు. చట్టం కూడా దాదాపు అదే చెప్తున్నది. 1999లో పార్లమెంటు రెండు చట్టాలు చేసింది. ఒకటి ట్రేడ్‌మార్కుల చట్టం, రెండోది భౌగోళిక గుర్తింపుల చట్టం, అంటే జీఐ. రెండూ అమల్లోకి వచ్చింది 2003 సెప్టెంబర్ 15నే. మొదటి చట్టం 9వ సెక్షన్ ప్రకారం, సరుకు ఎక్కడిదో చెప్పే ఊరి పేరు ఒక్కదాన్నే పట్టుకొచ్చి 'ఇది నా ట్రేడ్‌మార్కు' అంటే నమోదు చెయ్యరు. ఏండ్ల తరబడి వాడి, ఆ పేరు వింటే ఆ వ్యాపారే గుర్తుకొచ్చే స్థితి తెచ్చుకున్నవాళ్లకు మాత్రం మినహాయింపు ఉన్నది. రెండో చట్టం 24వ సెక్షన్ ఇంకా ముందుకు పోతుంది. నమోదైన ఊరి పేరు మీద హక్కును అమ్మరాదు, కుదువ పెట్టరాదు, లైసెన్సుకు ఇయ్యరాదు. చెరువుకూ ఇదే కట్టుబాటు కదా! నీళ్లు వాడుకోవచ్చు, చెరువును అమ్ముకోరాదు.

ఈ నీతి కొత్తది కూడా కాదు. పాత చట్టం ఉన్నప్పుడే ఒక సిగరెట్ కంపెనీ 'సిమ్లా' అనే పేరును మంచుకొండల బొమ్మతో కలిపి నమోదు చెయ్యమని అడిగింది. సిమ్లాలో సిగరెట్లు తయారు కావు కదా, జనం ఎందుకు మోసపోతారు అన్నది కంపెనీ వాదన. 1977లో కలకత్తా హైకోర్టు ఒప్పుకోలేదు. దేశమంతా ఎరిగిన ఊరి పేరును ఒక్క వ్యాపారి గుత్తకు ఇవ్వడం కుదరదన్నది. మన దగ్గర 1930లో మొదలైన వజీర్ సుల్తాన్ కంపెనీ చార్మినార్ పేరును సిగరెట్ పెట్టె మీదికి ఎక్కించింది. నగరం గుండెకాయ లాంటి కట్టడం పేరు తరాల తరబడి పాన్ డబ్బాల్లో పొగకు పేరై తిరిగింది. ఎవరైనా ఏమన్నా అన్నారా? అప్పుడు మనకు ఆ సోయి లేదు.

పోచంపల్లి వాళ్లకు మాత్రం సోయి ముందే వచ్చింది. ఇది ఒప్పుకోవాలి. చెన్నైలోని జీఐ రిజిస్ట్రీలో దార్జిలింగ్ టీ వెనుకనే, 4వ నంబరు దరఖాస్తు పోచంపల్లి ఇక్కత్‌ది. ఊరి చేనేత సహకార సంఘం, పట్టు చీరల తయారీదారుల సంఘం కలిసి పెట్టినయి. 2004-05లోనే నమోదైంది. దేశంలో చేనేతకు దక్కిన తొలి గుర్తింపుల్లో అది ఒకటి. ఆ తర్వాత గద్వాల, నారాయణపేట, సిద్దిపేట గొల్లభామ వచ్చినయి. 2010లో హైదరాబాద్ హలీం, 2020లో పుట్టపాక తేలియా రుమాలు, 2022లో తాండూరు కంది, 2025లో వరంగల్ చపాట మిర్చి వరుసలో నిలబడినయి. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా మంత్రులు ఫొటోలు దిగుతారు, పేపర్లలో సంబురం. ఇల్లు అలుకగానే పండుగ అయితదా?

పండుగ ఎందుకు కాలేదో చూద్దాం. మొదటి సంగతి, జీఐ కాపాడేది పేరును మాత్రమే, డిజైన్‌ను కాదు. పోచంపల్లి అని అనకుండా చిలుకల బొమ్మ అచ్చు కొట్టుకుంటే ఈ చట్టం కింద అడిగే దిక్కు లేదు. 2025 జూన్‌లో ఇటలీ కంపెనీ ప్రాడా మిలాన్ నగరంలో తోలు చెప్పులు ప్రదర్శించింది. చూసినవాళ్లందరూ అవి కొల్హాపురి చెప్పులే అన్నారు. కొల్హాపురికి 2019 నుంచీ జీఐ ఉన్నది. కానీ ప్రాడా ఆ పేరు ఎత్తలేదు, ఆకారం ఎత్తుకపోయింది. ఎవరో న్యాయవాదులు బొంబాయి హైకోర్టుకు పోతే, ఆ గుర్తింపు సొంతదారులు మీరు కాదు, వాళ్లే రావాలని చెప్పి జూలైలో కోర్టు కొట్టేసింది. ఈ ముచ్చటలో మన నేతన్నలకు రెండు పాఠాలున్నాయి. పేరు మీద హక్కు పేరు దగ్గరనే ఆగిపోతుంది. ఆ హక్కుతో కోర్టు మెట్లు ఎక్కాలన్నా రిజిస్టర్‌లో పేరుండాలి.

రెండో పాఠమే ఇక్కడ కీలకం. జీఐ రిజిస్టర్‌లో రెండు భాగాలుంటాయి. ఒక భాగంలో సొంతదారు, అంటే సంఘం. ఇంకో భాగంలో 'అధీకృత వినియోగదారులు', అంటే ఆ సరుకును నిజంగా తయారు చేసేవాళ్లు. చట్టం ప్రకారం ఆ పేరును వాడుకునే హక్కు, దొంగ సరుకు మీద దావా వేసే హక్కు ఈ రెండో జాబితాలో ఉన్నవాళ్లకూ ఉంటుంది. మగ్గం మీద కూసున్న మనిషి ఆ జాబితాలో లేకుంటే, ఆయన నేసిన చీరకే ఆయన పరాయివాడు. నూలు ఇచ్చి కూలి కట్టి చీర తీసుకపోయే ఆసామి రిజిస్టర్‌లో ఉండి, నేసినోడు లేకపోతే జీఐ ఎవరి చేతిలో ఆయుధం అయితది? సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా!

ఇక చట్టంలోనే ఉన్న ఒక పెద్ద కంత గురించి. దీని గురించి మన నాయకులు మాట్లాడగా మేం వినలేదు. దుకాణాల వాళ్లు తెలివైనవాళ్లు. 'పోచంపల్లి' అని మొత్తం అనరు. 'పోచంపల్లి స్టైల్' అంటారు, 'పోచంపల్లి మోడల్' అంటారు, 'పోచంపల్లి ప్రింట్' అంటారు. జనాన్ని మోసం చేస్తున్నారని రుజువు చేస్తే దీన్నీ ఆపవచ్చు. కానీ రుజువు చెయ్యాల్సిన భారం నేతగానిది. 'ప్రింట్ అని చెప్పే అమ్మినం, మోసం ఎక్కడున్నది' అని వాళ్లు ఎదురు ప్రశ్న వేస్తారు. ఈ కంతకు తలుపు కూడా ఆ చట్టంలోనే ఉన్నది. 22వ సెక్షన్ కింద కేంద్ర సర్కారు ఏ సరుకుకైనా అదనపు రక్షణ ఇస్తూ నోటిఫికేషన్ తేవచ్చు. అట్లా తెచ్చిన సరుకు విషయంలో 'స్టైల్', 'రకం', 'నకలు' అని తోక తగిలించినా నేరుగా ఉల్లంఘనే. మోసం జరిగిందని రుజువు చెయ్యాల్సిన పని లేదు.

ఈ అదనపు రక్షణ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చింది? 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ పుట్టినప్పుడు దానితో పాటు వచ్చిన ట్రిప్స్ ఒప్పందం నుంచి. అందులో ఊరి పేర్లకు రెండు అంతస్తుల రక్షణ పెట్టిండ్రు. పై అంతస్తు ద్రాక్షసారాకూ ఘాటు మద్యానికీ. కింది అంతస్తు మిగతా ప్రపంచానికంతటికీ. ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలో కాకుండా ఇంకెక్కడో చేసి 'షాంపేన్ రకం' అనరాదు. కానీ మిల్లులో అచ్చు కొట్టి 'పోచంపల్లి రకం' అనవచ్చు. తాగేదానికి ఉన్న గౌరవం కట్టేదానికి లేదన్నమాట! ఒప్పందం రాసినప్పుడు బల్ల చుట్టూ ఎవరు కూర్చున్నారో దీన్ని బట్టే తెలుస్తున్నది. 2001 దోహా సమావేశం నుంచీ ఈ రెండంతస్తులు పోవాలని మన దేశం అంతర్జాతీయ వేదికల మీద వాదిస్తున్నది. మంచిదే. మరి మన ఇంట్లో మన చట్టం ఇచ్చిన అధికారంతో మన చీరకు పై అంతస్తు ఇవ్వడానికి జెనీవా దాకా ఎందుకు పోవాలి? ఢిల్లీలో ఒక నోటిఫికేషన్ సరిపోతుంది.

ఆలస్యం అమృతం విషం. స్కాట్లాండ్ విస్కీ వాళ్లకు డబ్బుకు కొదవ లేదు, వకీళ్లకు కొదవ లేదు. మన దేశంలో ఖోడే కంపెనీ 'పీటర్ స్కాట్' పేరుతో విస్కీ అమ్ముతున్నదని వాళ్లు కోర్టుకు పోయిండ్రు. ఆ పేరు 1960లలోనే మొదలైంది, వాళ్లు ఫిర్యాదు చేసింది 1986లో. 2008లో సుప్రీంకోర్టు వాళ్ల వాదన తోసేసింది. ఇన్నేండ్లు చూస్తూ ఊకున్నారు కదా అన్నది తీర్పులో ఒక ముఖ్య కారణం. దార్జిలింగ్ టీ సంగతి చూడండి. దేశంలో అన్నిటికన్నా గట్టి కాపలా ఉన్న పేరు అది, టీ బోర్డే దానికి కావలి. కోల్‌కతాలో ఒక పెద్ద హోటల్ తన విశ్రాంతి గదికి 'దార్జిలింగ్ లౌంజ్' అని పేరు పెడితే టీ బోర్డు దావా వేసింది, 2019లో ఓడిపోయింది. హక్కు టీ అనే సరుకు మీదనే, హోటల్ సేవల మీద కాదన్నది కోర్టు. ఏనుగుల గతే ఇట్లా ఉంటే, మగ్గం మీద బతికేవాళ్లు ఇరవై ఏండ్లు చూస్తూ కూర్చుంటే ఏమైతది? 'పోచంపల్లి అంటే ఒక డిజైన్ పేరు, ఊరి పేరు కాదు' అని రేపొక రోజు ఎవరో కోర్టులో నిలబడి వాదిస్తారు. జడ్జి నమ్మినా ఆశ్చర్యం లేదు.

ఇక్కడ మా మీద ఒక ప్రశ్న వస్తుందని తెలుసు. ఊరి పేరు పెట్టుకున్న ప్రతి బోర్డునూ పీకేయమంటారా? అనము. మొజంజాహీ మార్కెట్‌లో కరాచీ బేకరీ ఉన్నది. దేశ విభజనలో ఇల్లూ వాకిలీ వదులుకొని వచ్చిన సింధీ ఖాన్‌చంద్ రమ్నానీ 1953లో పెట్టిన దుకాణం. ఆయన బోర్డు మీద రాసుకున్నది పోగొట్టుకున్న ఊరి పేరు. ఆ బిస్కెట్లు కరాచీ నుంచి వచ్చినయని ఎవ్వరూ కొనరు. అవి హైదరాబాద్ బిస్కెట్లని దేశమంతా ఎరుక. 2019లో బెంగళూరులో, 2025 మే నెలలో మన శంషాబాద్‌లో కొందరు ఆ బోర్డు మీదికి పోయిండ్రు. దేశభక్తి పేరు మీద చేసిన ఆ పని మాకు సిగ్గనిపించింది. అట్లాగే హైదరాబాద్ బిర్యానీ. అది ఎప్పుడో వండే పద్ధతికి పేరైపోయింది. ఢిల్లీలోనో డాలస్‌లోనో వండుకుంటే వండుకోనీ, కడుపు నిండా తిననీ. వంటకు గొలుసు వెయ్యలేము. మా తూకం ఒక్కటే. ఆ ఊరి పేరు చూసి కొనేవాడు ఎక్కువ పైసలు ఇస్తున్నాడా? ఇస్తే ఆ పైసలు ఆ ఊరికి చేరుతున్నాయా? కరాచీ బేకరీ విషయంలో మొదటి ప్రశ్నకే కాదు అని జవాబు. అచ్చు పోచంపల్లి విషయంలో మొదటిదానికి అవును, రెండోదానికి కాదు. దొంగతనం అంటే అదే.

సర్కారు గట్టిగా నిలబడితే ఏమవుతుందో చెప్పడానికి ఇథియోపియా చాలు. మన కన్నా బీద దేశం. సిదామో, హరార్, యిర్గచెఫె అనే తన కాఫీ ప్రాంతాల పేర్లను 2005లో ఆ దేశ సర్కారే అమెరికాలో ట్రేడ్‌మార్కులుగా అడిగింది. స్టార్‌బక్స్ లాంటి మహా కంపెనీకి అది నచ్చలేదు. రెండేండ్లు గొడవ నడిచింది. చివరికి 2007లో ఆ కంపెనీ ఆ పేర్ల మీద ఇథియోపియా హక్కును గుర్తిస్తూ ఒప్పందం మీద సంతకం పెట్టింది. కాఫీ రైతు బతుకు ఆ ఒక్క సంతకంతో బంగారమైందని మేం చెప్పం. కానీ అక్కడ పోరాడింది సర్కారు. ఇక్కడ పోరాడాల్సింది ఎవరు? పొద్దున లేస్తే రంగుల రేటు, పట్టు రేటు చూసి గుండెలు బాదుకునే నేతగాడా?

మార్కులేమో మస్తుగా ఉన్నాయి. 2004 నుంచి సిల్క్ మార్క్ ఉన్నది, అది పట్టు స్వచ్ఛమైనదని మాత్రమే చెప్తుంది. మరమగ్గం మీద నేసిన పట్టుకూ అది పడుతుంది. 2006లో హ్యాండ్లూమ్ మార్క్ వచ్చింది, అది చేతి మగ్గమని చెప్తుంది, ఏ ఊరి మగ్గమో చెప్పదు. ఊరు పేరు చెప్పేది జీఐ ఒక్కటే. మూడు లేబుళ్లు చూసి కొనే ఆడబిడ్డకు తల తిరుగుతుంది. 'సిల్క్ మార్క్ ఉన్నది కదా' అని దుకాణం వాడంటే నిజమేననుకొని కొంటుంది.

చేనేతకు రిజర్వు చేసిన రకాలను మరమగ్గాల మీద నెయ్యరాదని 1985లోనే చట్టం వచ్చింది. మిల్లు యజమానులు కోర్టుకు పోతే 1993లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. మొదట 22 రకాలున్న జాబితా తర్వాత 11కు కుదించుకపోయింది. ఆ పదకొండింటినైనా కాపాడిండ్రా అంటే, దుకాణాల అద్దాల్లోనే జవాబు కనిపిస్తున్నది. 1990లలో, 2000లలో అప్పుల పాలై ఉరిపోసుకున్న నేతన్నల ఇండ్లు ఉమ్మడి నల్లగొండలో ఇంకా ఉన్నాయి. చట్టం పుస్తకంలో ఉండి, మగ్గం దగ్గరికి రాకపోతే ఏమైతదో ఆ ఇండ్లలో అడగాలి.

2014లో రాష్ట్రం వచ్చింది. అంతకు ముందు 'మన పేరు మీద వేరేవాళ్లు బతుకుతున్నరు' అని వేలు చూపడానికి ఒక దిక్కుండేది. ఇప్పుడు చేనేత శాఖ మనది, మంత్రి మనవాడు, ఆ అచ్చు చీరలు అమ్మే దుకాణాలు మన నగరంలోనే ఉన్నాయి. కాబట్టి చేనేత శాఖ ముందు ఊరూరా తిరిగి మగ్గం మీద ఉన్న ప్రతి మనిషినీ, ఆసు పోసే ఆడవాళ్లతో సహా, అధీకృత వినియోగదారుల జాబితాలో చేర్చాలి. ఆ ఫారాలు, ఫీజులు, చెన్నై తిరుగుళ్లు నేతగాని నెత్తిన పెట్టొద్దు. పోచంపల్లి పేరుకు 22వ సెక్షన్ అదనపు రక్షణ కోరుతూ అసెంబ్లీ తీర్మానం చేసి ఢిల్లీకి పంపాలి. తప్పుడు జీఐ పేరుతో అమ్మినోళ్లకు ఆరు నెలల నుంచి మూడేండ్ల జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల జరిమానా అని 40వ సెక్షన్ ఏనాడో రాసి పెట్టింది. హైదరాబాద్‌లో ఒక్క పెద్ద దుకాణం మీద ఒక్క కేసు, సర్కారు ఖర్చుతో, పెట్టి చూపించండి. ఎవరి మీద అన్నది వెతకడానికి కష్టపడనక్కర లేదు. ఏ బజారులోనైనా చీరలు తిరగేసుకుంటూ పొతే సాయంత్రానికి తేలిపోతుంది.